జూన్‌లో రాసిన ఉత్తరం, జూలైలో వచ్చిన చట్టం: మాథ్యూ లయన్ కేసు, 1798

మా ఆఫీసుకు వచ్చే ఫైళ్లలో కొట్లాటలు, చెక్ బౌన్సులే ఎక్కువ. ఏడాదికి ఒకటో రెండో మాత్రం ‘మాట’ కేసులు వస్తాయి. ఫేస్‌బుక్‌లో ఒక నాయకుణ్ణి తిట్టాడనో, వాట్సాప్ గ్రూపులో ఏదో ఫార్వర్డ్ చేశాడనో కేసు కడతారు. అలాంటి ఫైలు వచ్చినప్పుడు జూనియర్లకు నేను ముందు చదవమని ఇచ్చేది మన సుప్రీంకోర్టు తీర్పు కాదు. 1798 అక్టోబరులో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, రట్లాండ్ అనే చిన్న ఊళ్లో నడిచిన ఒక కేసు. మొత్తం విచారణ మూడు నాలుగు రోజుల్లో అయిపోయింది. ముద్దాయికి లాయరు లేడు. అప్పీలుకు పోదామంటే దారి లేదు. అయినా ట్రయల్ కోర్టులో పనిచేసేవాళ్లకు ఇంత పనికొచ్చే కేసు నాకు ఇంకొకటి కనపడలేదు. ఎందుకో ఫైలు విప్పితే తెలుస్తుంది.

ముద్దాయి ఎవరు

మాథ్యూ లయన్ 1749లో ఐర్లండ్‌లోని విక్లో ప్రాంతంలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో ఓడెక్కి అమెరికా చేరాడు. ఓడ ఖర్చుకు డబ్బుల్లేవు, అందుకని దిగాక కొన్నేళ్లు ఊడిగం చేస్తానని ఒప్పుకున్నాడు. కనెక్టికట్‌లో మొదటి యజమాని అతన్ని రెండో యజమానికి ఒక జత గిత్తల ధరకు ఇచ్చేశాడు. ఆ తర్వాత జీవితమంతా లయన్ ‘నన్ను విడిపించిన గిత్తల మీద ఒట్టు’ అనేవాడట. మనిషి స్వభావం ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది.

ఊడిగం తీరాక వెర్మాంట్ వెళ్లాడు, స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేశాడు, ఫెయిర్ హేవెన్ అనే ఊరు నిలబెట్టాడు. మిల్లులు, ఇనుప కార్ఖానా పెట్టాడు, చెట్టు బెరడుతో కాగితం చేయించాడు, ఒక పత్రిక నడిపాడు. పదే పదే పోటీ చేసి చివరికి 1796 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు గెలిచాడు. అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా. ప్రెసిడెంటు జాన్ ఆడమ్స్ వైపున్న ఫెడరలిస్టులకు లయన్ అంటే ఒళ్లుమంట. ఐరిష్ యాస, ఊడిగం చేసి పైకొచ్చిన చరిత్ర, ప్రతిపక్షమైన జెఫర్సన్ పార్టీ, ఏ ఒక్కటీ వాళ్లకు నచ్చేది కాదు. 1798 జనవరి 30న సభలోనే కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్‌వోల్డ్ అతని సైనిక జీవితం మీద ఎగతాళి చేస్తే, లయన్ అతని ముఖాన ఉమ్మేశాడు. పదిహేను రోజుల తర్వాత గ్రిస్‌వోల్డ్ చేతికర్రతో వచ్చి కొట్టాడు. లయన్ పొయ్యి దగ్గర నిప్పులు తీసే పట్టకారు అందుకున్నాడు. సభ నుంచి బహిష్కరించాలని ఓటింగ్ పెడితే 52 మంది అవునన్నారు, 44 మంది కాదన్నారు. మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి బతికిపోయాడు.

ఇదంతా సెడిషన్ (రాజద్రోహం) చట్టం రాకముందు సంగతి. ముద్దాయి మీద కక్ష పాతది, సెక్షన్ కొత్తది. ఈ మాట మాత్రం గుర్తుంచుకోండి.

ఆ ఏడాది టెన్షన్ ఏమిటి

బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్నాయి. అమెరికా బ్రిటన్‌తో జే ఒప్పందం చేసుకునేసరికి ఫ్రాన్స్‌కు కోపం వచ్చి అమెరికన్ వర్తక ఓడలను వందల్లో పట్టుకుంది. సర్దుబాటు కోసం పారిస్ వెళ్లిన ముగ్గురు రాయబారులను ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి తాలీరాండ్ మనుషులు లంచం అడిగారు: రెండున్నర లక్షల డాలర్లు, పైగా పెద్ద అప్పు. ఆ కాగితాలు 1798 ఏప్రిల్‌లో బయటపడ్డాయి. మధ్యవర్తుల పేర్లకు బదులు ఎక్స్, వై, జడ్ అని రాశారు కాబట్టి ఎక్స్‌వైజడ్ వ్యవహారం అన్నారు. దేశం ఊగిపోయింది. యుద్ధం ప్రకటించలేదు గానీ సముద్రం మీద యుద్ధమే నడిచింది.

ఆ వేడిలో నాలుగు చట్టాలు నాలుగు వారాల్లో వచ్చేశాయి. జూన్ 18న మొదటిది, పౌరసత్వానికి 5 ఏళ్ల నివాసం చాలన్నదాన్ని 14 ఏళ్లు చేసింది. పైకి కారణం దేశ భద్రత. కొత్తగా వచ్చిన ఐరిష్, ఫ్రెంచ్ వాళ్లు ఎక్కువగా జెఫర్సన్ పార్టీకి ఓటేస్తారన్నది లోపలి లెక్క. మసాచుసెట్స్ సభ్యుడు హారిసన్ గ్రే ఓటిస్ అంతకు ముందు ఏడాదే ‘అడవి ఐరిష్‌వాళ్ల గుంపులను పిలిచి కూర్చోబెట్టాలని నాకు లేదు’ అన్నట్టుగా సభలో మాట్లాడాడు. జూన్ 25న వచ్చిన రెండోది ఇంకా ఘాటు. విదేశీయుడు ఎవరైనా సరే, దేశ శాంతికి ప్రమాదమని ప్రెసిడెంటు అనుకుంటే చాలు, పొమ్మనొచ్చు. యుద్ధం ఉండక్కర్లేదు, కోర్టు విచారణ అక్కర్లేదు. ఆ చట్టం కింద లాంఛనంగా ఎవర్నీ పంపలేదు గానీ, భయపడి ఓడెక్కినవాళ్లు చాలామంది. ఫిలడెల్ఫియాలో పుస్తకాల షాపు పెట్టుకున్న మొరో ద సెయింట్ మెరీ తన పేరు ఎందుకు లిస్టులో ఉందని కనుక్కుంటే, ప్రత్యేకంగా ఏమీ లేదు, మరీ ఫ్రెంచ్‌వాడు అని ఆడమ్స్ అన్నాడట.

జూలై 6న వచ్చిన మూడోది శత్రు దేశస్థుల చట్టం. ఇది ఇప్పటికీ బతికే ఉంది. ప్రకటించిన యుద్ధమో, దండయాత్రో ఉంటే ఆ దేశపు పౌరులను పట్టుకోవచ్చు, పంపేయొచ్చు. 1812 యుద్ధంలో, రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడారు. 2025 మార్చిలో వెనిజులా వాళ్ల మీద మళ్లీ బయటికి తీశారు. పంపే ముందు నోటీసు ఇవ్వాలి, కోర్టుకు వెళ్లే అవకాశం ఇవ్వాలి అని ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో వీసా మీద ఉన్న మనవాళ్లు ‘ఇది మనకూ తగులుతుందా’ అని ఫోన్లో అడుగుతుంటారు. చట్టం మాట ప్రకారం అది శత్రు దేశపు పౌరులకే. రెండో చట్టం అలా కాదు, ఏ దేశంవాడికైనా వర్తించేది. అది రెండేళ్లకే గడువు తీరి పోయింది.

మన కేసుకు కావాల్సింది జూలై 14న సంతకమైన నాలుగోది, సెడిషన్ చట్టం. ప్రతినిధుల సభలో 44 మంది అవునంటే 41 మంది కాదన్నారు. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, ప్రెసిడెంటు మీద అబద్ధంగా, అపకీర్తి తెచ్చేలా, దురుద్దేశంతో రాసినా, అచ్చేసినా 2000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. లిస్టులో వైస్ ప్రెసిడెంటు లేడు. అప్పుడు ఆ పదవిలో ఉన్నది జెఫర్సన్. అంటే ఆయన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు. చట్టం గడువు 1801 మార్చి 3, ఆడమ్స్ పదవీకాలం సరిగ్గా తీరే రోజు. డ్రాఫ్టింగ్‌లో ఇంత నిజాయితీ అరుదు!

అయితే ఒక లాయరుగా చదివితే ఈ చట్టం అంత చెడ్డగా కనపడదు, చిక్కంతా అక్కడే. ఇంగ్లండ్ పాత పద్ధతిలో ‘నిజం రాశాను’ అనడం డిఫెన్సే కాదు. నిజమైతే ఇంకా పెద్ద నేరం అనేవాళ్లు. ఈ చట్టం మూడో సెక్షన్ మాత్రం, రాసింది నిజమని ముద్దాయి నిరూపించుకోవచ్చు అంది. జ్యూరీ, అంటే దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం, వాస్తవంతో పాటు చట్టాన్ని కూడా నిర్ణయించవచ్చు అంది. దురుద్దేశం ఉండాలి అంది. కాగితం మీద మూడు రక్షణలు. ఫెడరలిస్టులు దీన్ని చూపించి, ఇంత ఉదారమైన చట్టం ప్రపంచంలో ఎక్కడుంది అని అడిగేవాళ్లు. ఆ మూడూ రట్లాండ్ కోర్టు హాల్లోకి వచ్చాక ఏమయ్యాయో చూడటమే ఈ కేసు చదవడం.

ఆరోపణలు

1798 అక్టోబరు 5న గ్రాండ్ జ్యూరీ నేరారోపణ ఖరారు చేసింది. మూడు కౌంట్లు, అంటే మూడు విడి ఆరోపణలు.

మొదటిది లయన్ సొంత ఉత్తరం. వెర్మాంట్ పత్రిక ఒకటి అతన్ని తిడితే, దానికి జవాబుగా ఫిలడెల్ఫియా నుంచి విండ్సర్‌లోని పత్రికకు రాశాడు. ఉత్తరం మీద తేదీ జూన్ 20. చట్టం వచ్చింది జూలై 14న. పత్రికలో అచ్చయింది జూలై 31న. రాసిన రోజు నేరం కాదు, అచ్చయిన రోజు నేరం. పోస్టులో వేసేశాక ఉత్తరం మనిషి చేతిలో ఉండదు కదా. జరిగిన పనికి తర్వాత చట్టం చేసి శిక్షించకూడదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. ఈ కౌంటు మీద ఇవాళ ఏ జూనియర్ అయినా మొదటి పేజీలోనే ఈ పాయింటు రాస్తాడు.

ఇక ఆ ఉత్తరంలో ఏముంది? సారాంశం ఇది. ప్రభుత్వ యంత్రాంగం జనం సుఖం కోసం పనిచేస్తుంటే దానికి నా మద్దతు ఉంటుంది. కానీ ప్రజల మేలు అన్నది అధికార దాహంలో, హాస్యాస్పదమైన ఆడంబరంలో, వెర్రి భజనలో, స్వార్థపు దురాశలో కొట్టుకుపోవడం నేను ఎప్పుడు చూసినా, వాళ్ల వకీలుగా మాత్రం ఉండను. గమనించండి: ‘ఎప్పుడు చూసినా’. వాక్యం షరతుతో ఉంది. ప్రెసిడెంటు అలా చేశాడని నేరుగా అనలేదు. అంటున్నాడని చదివేవాడికి తెలుసు, అది వేరే సంగతి. మన కోర్టుల్లో పరువు నష్టం కేసు నడిపినవాళ్లకు ఈ తేడా మీద ఒక పూట వాదించడం పెద్ద పని కాదు.

రెండో కౌంటు ఇంకొకరి ఉత్తరం. పారిస్‌లో ఉన్న జోయెల్ బార్లో అనే కవి తన బంధువుకు రాశాడు: ప్రెసిడెంటు ప్రసంగానికి సభ ఇచ్చిన జవాబు, ఆయన్ని పిచ్చాసుపత్రికి పంపమనే ఉత్తర్వు కాకపోవడం ఆశ్చర్యంగా ఉంది అని. లయన్ ఎన్నికల సభల్లో దీన్ని చదివి వినిపించాడు. మూడో కౌంటు, అదే ఉత్తరం అచ్చు కావడానికి సాయం చేశాడని. ఒక్క మాటలో చెప్పాలంటే ఫార్వర్డ్ చేసిన నేరం.

కోర్టు హాల్లో

బెంచి మీద విలియం పాటర్సన్. సుప్రీంకోర్టు జస్టిస్. అప్పట్లో సుప్రీంకోర్టు జడ్జీలు ఊళ్లు తిరుగుతూ సర్క్యూట్ కోర్టుల్లో విచారణ జరిపేవాళ్లు. ఈయన రాజ్యాంగం మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు కూడా.

లయన్ లాయర్ల కోసం కబురు పంపాడు, వాళ్లు సమయానికి రాలేదు. ఇజ్రాయెల్ స్మిత్ అనే లాయరు సాయానికి వచ్చాడు గానీ ఇంత తక్కువ వ్యవధిలో కేసు తీసుకోలేనన్నాడు. లయన్ తన వాదన తనే చేసుకున్నాడు. ఇక్కడ నేను అతన్ని తప్పు పట్టకుండా ఉండలేను. వాయిదా అడగాల్సింది, నిరాకరిస్తే ఆ నిరాకరణ రికార్డు చేయించాల్సింది. సభల్లో గెలిచినట్టు కోర్టులో కూడా నోటితో గెలుస్తాననుకున్నాడు. రాజకీయ నాయకులైన క్లయింట్లు ఉన్నవాళ్లకు ఈ ధీమా బాగా పరిచయం.

జ్యూరీ ఎంపికలో ఒకతన్ని తీసేయించగలిగాడు, పత్రికలో తనకు వ్యతిరేకంగా రాసినవాడని చూపించి. తనమీద కోపమున్న ఊళ్ల నుంచే జ్యూరీని ఏరారని తర్వాత రాశాడు.

డిఫెన్స్‌లో మూడు మాటలు. ఒకటి, ఈ చట్టమే రాజ్యాంగ విరుద్ధం కాబట్టి కోర్టుకు అధికారం లేదు. రెండు, అచ్చు వేయడంలో దురుద్దేశం లేదు. మూడు, రాసింది నిజం. సాక్షులను పిలవలేదు. మూడో దానికి రుజువుగా జడ్జినే క్రాస్ చేశాడు, అంటే సాక్షిని అడిగినట్టు ప్రశ్నలు వేశాడు! మీరు ప్రెసిడెంటు ఇంట భోజనం చేశారు కదా, అక్కడ ఆ ఆడంబరం మీకు కనపడలేదా అని. పాటర్సన్ ఓపిగ్గా, నేను అరుదుగానే వెళ్లాను, అక్కడ కనిపించింది సాదాతనమే అన్నాడు. లయన్ వదల్లేదు. ఈ రట్లాండ్ సత్రంలో కంటే అక్కడ హంగూ ఆర్భాటం, నౌకర్ల సంఖ్య ఎక్కువ కాదా అన్నాడు. దానికి జవాబు రాలేదు.

జూనియర్లు ఇక్కడ నవ్వుతారు. నవ్వాక నేను వాళ్లను ఒకటే అడుగుతాను: సరే, మీరైతే ఏ సాక్షిని పిలుస్తారు? ‘హాస్యాస్పదమైన ఆడంబరం’ అన్న మాట నిజమని ఎవరొచ్చి చెబితే నిరూపణ అవుతుంది? నాలుగు గుర్రాల బండి ఉందని చెప్పొచ్చు. అది హాస్యాస్పదమని ఏ సాక్షి చెప్పగలడు? అభిప్రాయానికి నిజం, అబద్ధం అనే కొలబద్ద పెట్టి, నిజమైతే నిరూపించుకో అంటే, అది రక్షణలా కనిపించే ఉచ్చు. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్ నుంచి చప్పుడు లేకుండా ముద్దాయి నెత్తిన పడుతుంది. 1800లో థామస్ కూపర్ అనే ఇంగ్లండ్ వలసదారు కేసులో జస్టిస్ శామ్యూల్ చేజ్ దీన్ని దాచకుండానే చెప్పాడు. రాసిన ప్రతి ఆరోపణనూ ముద్దాయి మూలుగ దాకా నిరూపించాలి అన్నాడు. కూపర్ ప్రెసిడెంటునే సాక్షిగా పిలవాలంటే మాత్రం సమన్లు ఇవ్వలేదు. ఆరు నెలల జైలు, 400 డాలర్ల జరిమానా పడ్డాయి.

రట్లాండ్‌లో అసలు దెబ్బ జ్యూరీకి జడ్జి ఇచ్చిన సూచనల్లో తగిలింది. రాజ్యాంగ చెల్లుబాటుతో మీకు పని లేదు, తగిన న్యాయస్థానం కొట్టేసేదాకా ఇది చట్టమే అన్నాడు పాటర్సన్. చట్టాన్ని కూడా జ్యూరీ నిర్ణయించవచ్చన్న రక్షణ అక్కడికి సగం పోయింది. మీరు చూడాల్సినవి రెండే, ఇతను ప్రచురించాడా, సెడిషన్ ఉద్దేశంతో ప్రచురించాడా అన్నాడు. మొదటిది లయన్ దాదాపు ఒప్పుకున్నదే. రెండో దాని గురించి, ప్రెసిడెంటునూ ప్రభుత్వాన్నీ జనం దృష్టిలో చులకన చేయడం తప్ప ఈ మాటలకు వేరే ఉద్దేశం ఉండగలదా అని ఆలోచించుకోండి అన్నాడు. ఎన్నికల కాలంలో ప్రతిపక్షం అనే ఏ మాటకైనా ఆ ఉద్దేశం ఉండనే ఉంటుంది. విడిగా రుజువు చేయాల్సిన దురుద్దేశాన్ని మాటల్లోంచే తవ్వి తీశారన్నమాట. పాటర్సన్‌కు న్యాయం చేయాలంటే ఇంకొకటి కూడా చెప్పాలి: సహేతుకమైన సందేహం లేకుండా తేలితేనే దోషి అనండి అని కూడా ఆయన చెప్పాడు. మర్యాదగానే నడిపాడు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ మర్యాదే. చేజ్ లాంటి కోపిష్ఠి జడ్జి మీద ఎవరైనా కోప్పడగలరు.

జ్యూరీ గంటసేపు కూర్చుంది. దోషి. నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా, ఖర్చుల కింద 60 డాలర్ల 96 సెంట్లు.

తేదీ పాయింటు ఏమైంది? చట్టం ప్రకారం నేరం ‘ప్రచురణ’ కాబట్టి ఆ పాయింటు లయన్‌ను కాపాడలేదు. లాయరు ఉంటే ఏం చేసేవాడు? చట్టం వచ్చాక ప్రచురణను ఆపే అవకాశం ముద్దాయికి ఉందా లేదా అన్నదాని మీద పత్రిక వాళ్లను క్రాస్ చేసేవాడు. దానితో శిక్ష తగ్గేదేమో, తప్పేదని మాత్రం నేను అనను. అప్పట్లో క్రిమినల్ కేసుల్లో సర్క్యూట్ కోర్టు నుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు లేదు. చట్టాన్ని కోర్టు కొట్టేయగలదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మార్బరీ తీర్పు 1803లో గానీ రాలేదు. అందుకే సెడిషన్ చట్టం చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుకు రాకుండానే గడువు తీరిపోయింది. 1964లో న్యూయార్క్ టైమ్స్, సలివన్ కేసులో జస్టిస్ బ్రెనన్ ఈ సంగతే ఎత్తి, చరిత్ర అనే న్యాయస్థానంలో ఆ చట్టం ఓడిపోయిందని రాశాడు. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్ల మీద విమర్శకు, అబద్ధమని తెలిసి రాశాడనో, నిజమా కాదా అని పట్టించుకోకుండా రాశాడనో నిరూపించే భారం వాది మీదే పెట్టాడు. లయన్‌కు కావాల్సిన రూలు అదే, 166 ఏళ్లు ఆలస్యంగా.

మన పాత శిక్షాస్మృతిలో రాజద్రోహం సెక్షన్ 124ఎ లో కూడా వివరణలు ఉండేవి. ద్వేషం రెచ్చగొట్టకుండా ప్రభుత్వ చర్యలను తప్పు పట్టడం నేరం కాదని. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు జైలుకు వెళ్లినప్పుడు కూడా ఆ వివరణలు పుస్తకంలోనే ఉన్నాయి. ఇలాంటి రక్షణలు ట్రయల్ చివర్లో పనికొస్తాయేమో గానీ, అరెస్టు రోజున స్టేషన్లో వాటిని చదివేవాడు ఉండడు. 1962లో మన సుప్రీంకోర్టు కేదార్‌నాథ్ సింగ్ తీర్పులో ఆ సెక్షన్ పరిధి తగ్గించాక కూడా కింది స్థాయిలో పెద్ద మార్పు కనపడలేదనేది నా అనుభవం.

జైలు, ఎన్నిక

లయన్‌ను సొంత జిల్లాలో ఉంచకుండా దాదాపు 40 మైళ్ల దూరంలోని వెర్జెన్స్ జైలుకు తీసుకెళ్లారు. గది పదహారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు అని తనే రాశాడు. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి, అద్దం లేదు. వెర్మాంట్ చలికాలం. మూలన మరుగుదొడ్డి, దాని కంపు. అయినా అక్కడి నుంచే రాశాడు, రాసిందంతా అచ్చయింది. సెప్టెంబరు ఎన్నికలో ఎవరికీ పూర్తి మెజారిటీ రాకపోతే డిసెంబరులో మళ్లీ ఎన్నిక పెట్టారు. జైల్లో ఉన్న లయన్ దగ్గరి పోటీదారు కంటే దాదాపు రెట్టింపు ఓట్లతో గెలిచాడు. వేలమంది సంతకాలతో క్షమాభిక్ష అర్జీ ఆడమ్స్‌కు వెళ్లింది. ముద్దాయి సంతకం లేదని, పశ్చాత్తాపం ముందు, క్షమ తర్వాత అని ఆయన తిరస్కరించాడు.

1799 ఫిబ్రవరి 9న విడుదల. వర్జీనియా సెనేటర్ స్టీవెన్స్ మేసన్ చందాలు పోగుచేసి బంగారు నాణేలతో జరిమానా డబ్బు తెచ్చాడు. బయటకు రాగానే లయన్ గట్టిగా అరిచిన మాట ‘నేను ఫిలడెల్ఫియా వెళ్తున్నా’. కాంగ్రెస్‌కు వెళ్లే సభ్యుణ్ణి దారిలో అరెస్టు చేయకూడదన్న రాజ్యాంగ రక్షణను అక్కడికక్కడే వాడుకున్నాడు, ఇంకో కేసు తగిలిస్తారేమోనని. కేసు మొత్తంలో అతను తీసుకున్న ఒకే ఒక్క మంచి లీగల్ స్టెప్ ఇది! జరిమానా కోసం లాటరీ పెడుతున్నామని ప్రకటన వేసిన బెన్నింగ్టన్ పత్రిక ఎడిటర్ ఆంథొనీ హాస్వెల్‌ను మాత్రం పట్టుకున్నారు. 1800లో మళ్లీ పాటర్సన్ ముందే అతనికి రెండు నెలల జైలు, 200 డాలర్ల జరిమానా పడ్డాయి.

1801 ఫిబ్రవరిలో జెఫర్సన్, బర్ర్‌లకు సమాన ఓట్లు వచ్చి ప్రెసిడెంటును ప్రతినిధుల సభ ఎన్నుకోవాల్సి వచ్చింది. అందులో రాష్ట్రానికి ఒకే ఓటు. వెర్మాంట్‌కు ఇద్దరే సభ్యులు, చెరో పార్టీ. 35 సార్లు ఓటింగ్ జరిగినా ఎవరూ గెలవలేదు. 36వ సారి ఫెడరలిస్టు సభ్యుడు తప్పుకునేసరికి వెర్మాంట్ ఓటు లయన్ ఒక్కడిదే అయింది. జెఫర్సన్‌కు వేశాడు. జెఫర్సన్ వచ్చాక సెడిషన్ కేసుల్లో శిక్ష పడినవాళ్లకు క్షమాభిక్ష పెట్టాడు. 1802లో పౌరసత్వ గడువు తిరిగి 5 ఏళ్లకు వచ్చింది.

లయన్ కెంటకీ వెళ్లి అక్కడి నుంచి కూడా కాంగ్రెస్‌కు గెలిచాడు. 1822లో ఆర్కన్సాలో చనిపోయాడు. జరిమానా తిరిగివ్వమని బతికుండగానే అర్జీలు పెట్టుకున్నాడు, ఇవ్వలేదు. 1840 జూలై 4న కాంగ్రెస్ చట్టం చేసి అతని వారసులకు 1060 డాలర్ల 96 సెంట్లు తిరిగి ఇచ్చింది. 1799 ఫిబ్రవరి నుంచి వడ్డీ కూడా కట్టింది.